ఫ్రేములో పడ్డ స్టీలు క్యారేజీ

మెల్‌బోర్న్‌లో కేరమ్ డౌన్స్ గుడి హాల్లో తెలుగువాళ్ళ పెళ్ళి జరిగితే, మండపానికి కుడి పక్కన, పూలదండలకి అడ్డం రాకుండా ఒక ట్రైపాడ్ కనిపిస్తుంది. దాని వెనక నల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన నిలబడి ఉంటాడు. దారినపోయే ప్రతివాళ్ళూ "అంకుల్, మీరు భోంచేశారా?" అని అడుగుతారు. ఆయన తలూపుతాడు గానీ భోంచేసి ఉండడు. ఆయన పేరు నాగభూషణం.

ఊరు చీరాల. టేపురికార్డర్లు బాగుచేసే కొట్లో కూర్చుని పని నేర్చుకున్నాడు. ఆ కొట్లోకి పాడైన వీడియో కెమెరా ఒకటి వస్తే విప్పి, బిగించి, అది పనిచేస్తోందో లేదో చూద్దామని పక్కింటి పెళ్ళి తీశాడు. తర్వాత జీవితమంతా పెళ్ళిళ్ళే. భార్య భ్రమరాంబకి నర్సుగా మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చాడు. ఇక్కడ వారమంతా డాండెనాంగ్‌లో ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దడం, శని ఆదివారాలు ఓణీల ఫంక్షన్లు, బారసాలలు తీయడం.

ఎడిటింగ్‌లో ఆయన ఎన్నడూ తప్పని నియమం ఒకటుంది. వీడియోలో చప్పుడు లేని చోటు ఉండకూడదు. ఉంటే మర్నాడే ఫోను వస్తుంది, "అంకుల్, అక్కడ సౌండ్ పోయింది" అని. అందుకని ఎవరైనా మాట్లాడకుండా నిలబడితే ఆ ముక్క కోసేస్తాడు. కొయ్యడానికి వీల్లేకపోతే పాట వేస్తాడు. కోసిన అతుకు కనపడకుండా నవ్వే మొహమో, పూలగుత్తో పైన పరుస్తాడు. ఇది ఆలోచించి చేసేది కాదు. అన్నం కలుపుకున్నంత సులువుగా చెయ్యి తనంతట తను చేసుకుపోతుంది.

మార్గరెట్ హాలోవే ఆయనకి ఒక పెళ్ళిలోనే తగిలింది. అబ్బాయి తెలుగు, అమ్మాయి చైనీస్. అమ్మాయి తరఫున వచ్చిన ఈ తెల్లజుట్టు బ్రిటిష్ ఆవిడ, పెళ్ళికూతురి అమ్మమ్మతో గడగడా చైనీస్‌లో మాట్లాడుతుంటే హాలంతా తిరిగి చూసింది. అమ్మమ్మకి అక్షింతలు ఎలా వెయ్యాలో తెలియలేదు. ముందు ఒక గింజ వేసి, పక్కవాళ్ళని చూసి, తర్వాత గుప్పెడు వేసింది. నాగభూషణం ఆ చేతుల్ని వదలకుండా తీశాడు. ఆ వీడియో చూసి మార్గరెట్ ఫోను చేసింది.

వయసులో ఉన్నప్పుడు ఆవిడ బీజింగ్‌లో బ్రిటిష్ రాయబార కార్యాలయంలో చిన్న ఉద్యోగి. తర్వాత అది వదిలి, బర్మింగ్‌హామ్ యంత్రాలని చైనా ఫ్యాక్టరీలకి అమ్మింది. ఆ తర్వాత రేడియోలో చైనా గురించి చెప్పే మనిషి అయింది. చివరికి కొడుకు దగ్గరికి మెల్‌బోర్న్ వచ్చింది. తనలాగే బ్రిటన్‌కీ చైనాకీ మధ్య బతుకంతా తిరిగి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారని, వాళ్ళందరితో ఒక్కొక్కరిగా మాట్లాడి సినిమాలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టాలని ఆవిడ కోరిక.

"మొదటిది షెన్‌తో. ఆయన ఆ రోజుల్లో మాకు బల్లకి అవతలివైపు కూర్చున్న దుబాసీ. ఇది బాగా వస్తే మిగతావన్నీ మీరే తీస్తారు" అంది ఆవిడ ఇంగ్లిషులో.

నాగభూషణం ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. "ఇది కుదిరితే గోడౌన్‌కి దణ్ణం పెట్టొచ్చు, భ్రమరా."

"ముందు ఇది కుదరనీండి. దణ్ణం తర్వాత పెడుదురుగాని" అంది భ్రమరాంబ.

షెన్ గారిల్లు గ్లెన్ వేవర్లీలో. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటాడు. చైనా విదేశాంగ శాఖలో దుబాసీగా మొదలై, లండన్‌లో కొన్నాళ్ళు పనిచేసి, ఆ ఉద్యోగం వదిలాక ఆస్ట్రేలియా ఉన్ని చైనాకి పంపే వ్యాపారం చేశాడు. ఇప్పుడు ఇక్కడి చైనీస్ పత్రికలో వారం వారం ఒక వ్యాసం రాస్తాడు. సినిమాకి ఒప్పుకుంటూ ఒక్క షరతు పెట్టాడు. పూర్తయ్యాక అందరికన్నా ముందు తను చూడాలి, తను సరేనన్నాకే బయటికి వెళ్ళాలి. మార్గరెట్ మాటిచ్చింది.

షూటింగ్ రోజు నాగభూషణం ఒక కెమెరా చేత్తో పట్టుకుని, రెండోది గది మూల స్టాండు మీద బిగించాడు. రెండోది ఆపద్ధర్మానికి. చేతిలోది మొరాయిస్తే గది మొత్తం దాంట్లో పడి ఉంటుందని. భ్రమరాంబ కట్టిచ్చిన స్టీలు క్యారేజీని అల్మారా మీద పెట్టి మర్చిపోయాడు.

చాలాసేపు పాత కబుర్లు నడిచాయి. అప్పుడు మార్గరెట్ అసలు ప్రశ్న అడిగింది. నలభై ఏళ్ళ కిందట బీజింగ్‌లో ఒక వ్యాపార ఒప్పందం మీద, అది ఏ తేదీనుంచి అమలవ్వాలన్న దగ్గర, చర్చలు తెగిపోయేలా ఉన్నాయట. టీ కోసం అందరూ లేచినప్పుడు, వరండాలో షెన్ ఆవిడ పక్కన నడుస్తూ, "రేపు తేదీ సంగతి ఎత్తకండి" అని మెల్లగా అన్నాడట. ఆవిడ తన పైవాళ్ళని ఒప్పించింది. మర్నాడు సంతకాలు అయ్యాయి.

"ఆ మాట మీ అంతట మీరు చెప్పారా, చెప్పమంటే చెప్పారా? ఇన్నేళ్ళుగా నాకు అదే తేలలేదు" అంది మార్గరెట్.

షెన్ మాట్లాడలేదు. టీకప్పు మీది మూత తీసి, మళ్ళీ పెట్టాడు. బయట ఎవరిదో గడ్డికోత యంత్రం మోగి ఆగింది. ఆయన ఇంకా మాట్లాడలేదు. చివరికి, "నా అంతట నేనే" అన్నాడు.

నాగభూషణం ఆ వారమే ఎడిటింగ్ ముగించాడు. గరాజ్‌లో కట్టుకున్న చిన్న గదిలో, చేసిన పని చూసుకుని తృప్తిపడ్డాడు. ఎక్కడా అతుకు కనపడదు, ఎక్కడా చప్పుడు తగ్గదు. వెనక సన్నగా చైనా వేణువు కూడా వేశాడు. మార్గరెట్ మాట ప్రకారం దాన్ని నేరుగా షెన్ గారికి పంపాడు.

మర్నాడు మార్గరెట్ ఫోను. గొంతులో కోపం లేదు, అందుకే నాగభూషణానికి భయం వేసింది.

"షెన్ వద్దంటున్నాడు. ఇందులో తను అబద్ధాలకోరులా ఉన్నాడట. ఎక్కడ అంటే చెప్పడు. చేసినవాళ్ళకే తెలియాలి అంటున్నాడు. నాగ్, మీరేమైనా మార్చారా?"

"ఒక్క మాట మార్చలేదు మేడమ్. ఒట్టు."

"నేనూ ఇప్పుడే చూస్తాను. ఆయన మనసు మార్చుకోకపోతే మిగతావాళ్ళు కూడా వెనక్కి తగ్గుతారు. ఈ పని ఇక్కడితో ఆగిపోతుంది."

ఫోను పెట్టేసి నాగభూషణం సినిమా మళ్ళీ మొదటినుంచీ చూశాడు. ఏ మాటా పోలేదు. గోడౌన్ సూపర్‌వైజర్‌కి వచ్చే నెల నుంచి రానని తొందరపడి చెప్పేసిన సంగతి గుర్తొచ్చింది. భ్రమరాంబ కాఫీ తెచ్చి పక్కన పెట్టి, ఆయన మొహం చూసింది.

"చెప్పేశారా ఏంది, గోడౌన్‌లో?"

"ఆఁ."

"నేను చెప్పొద్దనలా?"

"అన్నావులే. ఇప్పుడు అది కాదు సంగతి."

"మరేది సంగతి? ఆ పెద్దాయన్నే అడగరాదూ?"

"అడిగితే చెప్పడంట. నాకే తెలియాలంట."

సాయంత్రం యూనివర్సిటీ నుంచి కూతురు అమృత వచ్చింది. చిన్నప్పటినుంచీ ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఎక్కువగా ఇంగ్లిషులోనే. వరండా ప్రశ్న దగ్గర సినిమా ఆపి, "డాడ్, హి ఆన్సర్స్ టూ ఫాస్ట్" అంది.

"ఫాస్ట్ అంటే?"

"లైక్, హి నోస్ ద కొశ్చన్ ఆల్రెడీ. ఆ కార్ డీలర్ ఉన్నాడు కదా, మనకి కారు అమ్మినాయన? సేమ్. అండ్ ద ఫ్లూట్, డాడ్. ఇట్స్ నూడుల్ షాప్ మ్యూజిక్."

వేణువు సంగతి ఆయన పట్టించుకోలేదు. అసలు రికార్డింగ్ తెరిచి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. ప్రశ్న. తర్వాత పింగాణీ మూత చప్పుడు. గడ్డికోత యంత్రం. మార్గరెట్ కుర్చీ కిర్రుమంది. షెన్ ఊపిరి ఒకసారి పైకి వచ్చి మాట కాకుండానే వెనక్కి వెళ్ళింది. అప్పుడు జవాబు. తన కత్తెర ఇదంతా తీసి పారేసింది. తాను చేసిన సినిమాలో మార్గరెట్ ప్రశ్న ముగిసీ ముగియకముందే ఆయన "నా అంతట నేనే" అంటున్నాడు. పై అధికారి నేర్పి పంపిన మాటలా ఉంది.

సరే, తీసింది తిరిగి పెట్టేద్దామని బొమ్మ చూస్తే అసలు చిక్కు అక్కడుంది. షెన్ మాట్లాడకపోయేసరికి నాగభూషణం చెయ్యి పెళ్ళి అలవాటు కొద్దీ పక్కకి జరిగింది. కెమెరా పూలకుండీని చూసింది, మార్గరెట్ ఉంగరాన్ని చూసింది, కిటికీని చూసింది. ఆయన మొహం తప్ప అన్నీ తీసింది. మనిషి లోపల అంత జరుగుతుంటే తాను పూలు తీస్తూ కూర్చున్నాడు.

మిగిలింది మూలనున్న కెమెరా. అందులో షెన్ ఒక పక్కనుంచి, కాస్త దూరంగా కనిపిస్తున్నాడు. ఆ పక్కనే, అల్మారా మీద, దీపం వెలుతురుకి మెరుస్తూ స్టీలు క్యారేజీ. కంటికి ముందు అదే తగులుతోంది. బొమ్మని దగ్గరికి లాగి క్యారేజీని బయటికి నెట్టి చూశాడు. షెన్ మొహం ఇసక చల్లినట్టు పలచబడింది. క్యారేజీని మసకబరిచి చూశాడు. అక్కడేదో దాచారని తెలిసిపోతోంది. అలా అర్ధరాత్రిదాకా కుస్తీపట్టి, చివరికి చేసినవన్నీ తీసేశాడు. వేణువు తీసేశాడు, పూలకుండీ తీసేశాడు. గది ఆ రోజు ఎలా ఉందో అలా వదిలేశాడు.

ఈసారి పంపలేదు. లాప్‌టాప్ పట్టుకుని తనే గ్లెన్ వేవర్లీ వెళ్ళాడు. షెన్ తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు గానీ టీ ఇస్తాననలేదు.

"సార్, నేను కోసింది ఏంటో నాకు తెలిసింది" అన్నాడు నాగభూషణం, తనకొచ్చిన ఇంగ్లిషులో.

"మీరు ఇదివరకు ఏం తీసేవారు?"

"పెళ్ళిళ్ళు సార్."

"మీ పెళ్ళిళ్ళలో ఎవరూ మౌనంగా ఉండరా?"

"ఉంటారు సార్. మేం ఉండనివ్వం."

షెన్ పెదవి కొంచెం కదిలింది. కళ్ళజోడు పెట్టుకుని చూడసాగాడు. వరండా ప్రశ్న వచ్చింది. తెర మీద ఆయన మూత తీశాడు, పెట్టాడు. ఆ మౌనం నాగభూషణానికి ఎన్నడూ లేనంత పొడుగ్గా అనిపించింది. ఏదో ఒకటి మాట్లాడి దాన్ని నింపాలని నోటిదాకా వచ్చింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సినిమా అయిపోయింది.

"అప్పుడు అలా చెప్పానని తెలిస్తే నా ఉద్యోగం పోయేది. ఇంకా పెద్దవి కూడా పోయేవి" అన్నాడు షెన్. "నా భార్యకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ ప్రశ్నకి నేను టకీమని జవాబు చెప్పానంటే, ఆ రోజుల్లో మాతో పనిచేసినవాడు ఎవడూ నమ్మడు. ఇది పై నుంచి వచ్చిన మాటే అనుకుంటాడు. ఈ గదిలో లేకపోయుంటే మార్గరెట్ కూడా అలాగే అనుకుని ఉండేది."

"అవును సార్."

షెన్ తెర వైపు వేలు చూపించాడు. "ఈ స్టీలు డబ్బా ఎవరిది?"

నాగభూషణం తెర వైపు వంగాడు. "నాదే సార్. మా ఆవిడ కట్టిచ్చిన అన్నం. తీద్దామని చూశాను. దాన్ని తీస్తే మీ మొహం పాడవుతోంది."

"అందులో ఏముంది?"

"పులిహోర. అంటే, చింతపండు అన్నం."

"ఆ రోజు తిన్నారా?"

"లేదు సార్. మీరు డంప్లింగులు పెట్టారుగా."

షెన్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినిపించింది. కప్పులతో తిరిగొస్తూ, "డబ్బా ఉండనివ్వండి. అది కూడా ఆ రోజు ఈ గదిలోనే ఉంది. మార్గరెట్‌కి నేను సరేనన్నానని చెప్పండి" అన్నాడు.

మార్గరెట్ ఆ రాత్రి సినిమా చూసి పొద్దున్నే ఫోను చేసింది. ఆ గదిలో కూర్చున్నప్పుడు ఆయన ఇక జవాబే చెప్పడనుకున్నానని, తర్వాత ఇంటికి పోయి కాసేపు ఏడ్చానని చెప్పింది. తర్వాత గొంతు సవరించుకుని, వచ్చేది హాంకాంగ్‌లో పత్రిక నడిపినావిడ అని, ఇల్లు బాక్స్ హిల్‌లో అని, మంగళవారం వీలవుతుందా అని అడిగింది.

"అవుతుంది మేడమ్."

"లంచ్ తెచ్చుకోండి" అని పెట్టేసింది.

నాగభూషణం శని ఆదివారాల ఫంక్షన్లు మాత్రం మానలేదు. మొన్న నీరజ అనే అమ్మాయి పెళ్ళి తీశాడు. అప్పగింతలప్పుడు పాలలో ముంచిన కూతురి చేతిని పట్టుకుని వాళ్ళ నాన్న అలాగే ఉండిపోయాడు. నాగభూషణం కెమెరా ఆయన మొహం మీదే ఉంది. వీడియో చూసి పెళ్ళికూతురు ఫోను చేసింది.

"అంకుల్, అప్పగింతల దగ్గర సౌండ్ పోయింది."

"పోలేదమ్మా. అప్పుడు మీ నాన్నగారు ఏమీ మాట్లాడలేదు."

"అది ఓకే అంకుల్, ఐ గెట్ ఇట్. కానీ అమ్మమ్మ ఊరుకోదు. ఏదన్నా పాట వెయ్యండి, ప్లీజ్."

"వేస్తాలేమ్మా" అన్నాడు.

వేశాడు కూడా. కాకపోతే ఆ పెద్దమనిషి కూతురి చెయ్యి వదిలి, కండువాతో మొహం తుడుచుకున్నాక మొదలయ్యేట్టు వేశాడు.