తొమ్మిదో గడిలో కనకం పేరు

చారులత ఏ కట్టడం ముందు నిలబడ్డా మొదట గోడల్ని చూడదు, కరెంటు మీటర్లను చూస్తుంది. మదురైలో ఇరవై రెండేళ్లుగా ఆమె పని బ్యాంకుల తరఫున ఆస్తులకు విలువ కట్టడం. అప్పు కోసం జనం తాకట్టు పెట్టే అంగళ్లు, గిడ్డంగులు, మిల్లులు చూసి, రేపు అప్పు తీరకపోతే దీన్ని అమ్మితే ఎంత వస్తుంది, అమ్మబోతే ఏం అడ్డం వస్తుంది అని రాసివ్వాలి. టేపు పట్టుకుని సారువ కర్రలెక్కే ఆడమనిషిని చూసి తొలినాళ్లలో మేస్త్రీలు నవ్వేవారు. ఆమె ఆ నవ్వుల మధ్యనే కొలతలు రాసుకునేది.

పోయిన ఆడి మాసంలో, జూలై చివర, తిరుమంగళంలో హైవే పక్కనున్న మూడంతస్తుల అంగళ్ల సముదాయం ఆమెకు పనిగా వచ్చింది. యజమాని రఘురామన్. చుట్టం కాదు గాని, మదురై తెలుగు వ్యాపారుల సంఘానికి పెద్ద. చిన్నప్పటినుంచి ఆమె ‘మామా’ అని పిలిచిన మనిషి. ఇంజనీరింగు చదివేటప్పుడు ఆమెకు రెండేళ్లు ఫీజు కట్టింది ఆ సంఘమే.

కాగితాల ప్రకారం పద్దెనిమిది అంగళ్లూ రఘురామన్‌వే, అన్నింటిలోనూ బాడుగదారులే. చారులత మెట్ల కింద మీటర్ల పెట్టె తెరిచి ఒక్కొక్క నంబరూ చదివి, అది ఎవరి పేరు మీదుందో ఫోనులో కరెంటు బోర్డు సైటులో చూసింది. పదిహేడు కనెక్షన్లు రఘురామన్ పేరు మీద ఉన్నాయి. నాలుగో నంబరు మాత్రం వేరే పేరుతో ఉంది.

నాలుగో అంగట్లో ఒక యాభై ఏళ్ల మనిషి నేలమీద కూర్చుని గ్రైండరు మోటారు విప్పుతోంది. చారులత ఫోనులో ఇంటికి తెలుగులో మాట్లాడటం విని తలెత్తింది.

“మీరు మనోళ్లా అమ్మా? మాది చిన్నమనూరు. నా పేరు కనకం.”

“అంగడికి బాడుగ ఎంత కడతా ఉండారక్కా?”

“బాడుగ ఏంది? ఇది నాదిదా, నా సొంతం. పన్నెండేండ్లయె కొనుకొని. మా ఇంటాయన పోయినంక వచ్చిన దుడ్డంతా దీంట్లోనే పెట్టినా.” కనకం చేతులు తుడుచుకుని బీరువాలోంచి ఒక స్టాంపు కాగితం తెచ్చింది. మొత్తం సొమ్ము ముట్టినట్టు రఘురామన్ సంతకం ఉంది. రిజిస్ట్రేషన్ మాత్రం జరగలేదు. “అడిగినప్పుడెల్లా వచ్చే నెల, వచ్చే నెల అంటా ఉండారు. పెద్దమనిషి కదా అని నమ్మినా.”

“ఈ కట్టడం అంతా బ్యాంకులో పెడతా ఉండారని మీకు తెలుసా?”

కనకం చేతిలోని స్పానరు కింద పెట్టేసింది. “అట్లయితే నా అంగడి?”

చారులత ఆ కాగితాన్ని, కరెంటు కార్డును, పన్ను రసీదులను ఫోటో తీసుకుంది. రిపోర్టులో తొమ్మిదో గడి ‘ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉంది’ అని అడుగుతుంది. అందులో ఆమె రాసింది: నాలుగో అంగడి కనకం స్వాధీనంలో ఉంది, కొనుగోలు చేశానని ఆమె కాగితం చూపుతోంది, వేలం వేస్తే కొన్నవాడికి ఇది దక్కకపోవచ్చు.

రెండు రోజులకు బ్యాంకు మేనేజరు పిలిచాడు. హక్కుల సంగతి లాయరు చూసుకుంటాడని, ఆమె గోడలూ నేలా కొలిస్తే చాలని తమిళంలో మెత్తగా చెప్పాడు. ఆ ఒక్క వాక్యం తీసేస్తే ఈ ఏడంతా పెద్ద పనులన్నీ ఆమెకేనని కూడా అన్నాడు.

“ఆ గడి మీ బ్యాంకు ఫారంలోదే సార్. వద్దనుకుంటే ఫారం మార్చండి. నింపమన్నంత కాలం ఉన్నదే నింపుతాను,” అని ఆమె లేచి వచ్చేసింది. అక్కడినుంచి నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి, సంతకం చేసిన రిపోర్టు ప్రతిని బ్యాంకు ప్రాంతీయ కార్యాలయానికి రిజిస్టర్డు పోస్టులో పంపింది.

ఆ ఆదివారం రఘురామన్ ఇంటికే వచ్చాడు. కాఫీ ముట్టలేదు.

“ఏం పాపా, ఎవురో గ్రైండరుదాని కోసం నా పని నిలిపేస్తావా? నీకు ఫీజు కట్టింది ఎవురు?”

“సంగం కట్టింది మామా. సరిగ్గా కొలవను నేర్చుకోమని కట్టింది, వంకరగా రాసేకి కాదు. కనకక్కకు రిజిస్టర్ చేసిచ్చేయండి, ఆ మాట నేనే తీసేస్తా.”

“నాకే షరతు పెడతావా? బ్యాంకులో నీ పేరు లేకుండా చేస్తా, చూడు.”

“చేయండి. రాసింది మాత్రం రాసిందే.”

అన్నంత పనీ చేశాడు. నెల తిరక్కుండానే ఆ బ్యాంకుకు విలువ కట్టేవాళ్ల జాబితాలోంచి చారులత పేరు పోయింది. కారణం చెప్పమని మూడు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. సంపాదనలో సగం పోయింది. కూతురు మాలిని, “ఒక్క మాటే కదమ్మా, తీసేసుంటే పోయుండేది,” అంది ఒకరోజు. “ఆ ఒక్క మాటలో ఒకామె బతుకంతా ఉండాదే,” అని చారులత గట్టిగానే కసిరింది.

రిపోర్టు మాత్రం ప్రాంతీయ కార్యాలయం ఫైల్లోకి చేరిపోయింది. అక్కడి లాయరు తొమ్మిదో గడి దగ్గర ఆగాడు. ఆ అంగడి సంగతి తేల్చేదాకా అప్పు లేదన్నాడు. అప్పు వస్తుందని నమ్మి కొత్త మిల్లుకు యంత్రాలు తెప్పించుకున్న రఘురామన్‌కు వేరే దారి లేకపోయింది. తై మాసంలో, పొంగల్ పండగ దాటాక, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనకం వేలిముద్ర వేసి, ఫోటో దిగి, తన అంగడి పత్రం అందుకుంది. మిగతా పదిహేడు అంగళ్ల మీదే అప్పు పుట్టింది.

సంఘం వార్షికోత్సవానికి చారులతకు పిలుపు రాలేదు. అయినా పట్టుచీర కట్టుకుని వెళ్లి మొదటి వరసలో కూర్చుంది. పక్కవాళ్లు దూరంగా జరిగి కూర్చున్నారు. వేదిక మీది రఘురామన్ ఆమెను చూసి చూపు తిప్పుకున్నాడు. ఆమె భోజనం కూడా చేసే వచ్చింది.

ఇప్పుడు రెండు చిన్న బ్యాంకులకు పని చేస్తోంది. మొన్న ఉడుమలైపేటలో కొబ్బరి గిడ్డంగి చూడటానికి వెళితే యజమాని నవ్వుతూ, “మీరు శానా మొండి అని మదురైలో చెప్పినారు,” అన్నాడు.

“నిజమే చెప్పినారు,” అంది చారులత. “ఆ వెనక గదికి తాళమేసుండారే, అది తెరవండి.”