వర్సెస్ అంటే వరస కాదు

డెబ్భైల చివర్లో చిత్తూరు కోర్టు వెనక వీధిలో ఒక ప్లీడరుగారి దగ్గర నేను టైపిస్టుని. నా వేళ్లు తప్పు కొట్టవని నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం.

మా ప్లీడరుగారు మద్రాసు కాలేజీలో ఒక పాదిరీ దగ్గర లాటిన్ నేర్చుకున్నారు. కక్షిదారులు రాని పూట ఆ చదువంతా నా మీద ప్రయోగించేవారు. దావా కాగితంలో ఇద్దరి పేర్ల నడుమ నేను రోజూ కొట్టే 'వర్సెస్' గురించి ఒకసారి గంటసేపు చెప్పారు. దాని మూలం 'మళ్లడం' అట. నాగటి చాలు చివర ఎద్దులు మళ్లితే ఆ మలుపు వర్సెస్, అలా పడిన చాలు వర్సెస్, కాగితం మీద సాగే రాత పంక్తి వర్సెస్, పద్యపాదమూ వర్సెస్సే. ఎదురుగా మళ్లడమనే అర్థం పట్టుకుని కోర్టులు దాన్ని తగాదాకు వాడుకున్నాయి. నాకు తెగ నచ్చింది. కనిపించిన వాళ్లందరికీ చెప్పి విసిగించాను.

ఆ రోజుల్లోనే పాకాల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఉమ్మడి బావిలో తన వంతు నీళ్లు కూడా తమ్ముడే తోడుకుంటున్నాడని, తన చెరకు ఎండిపోతోందని దావా. సంతకానికి ముందు నేను ఇంగ్లీషు కాగితం చదువుతూ తెలుగులో చెబుతున్నాను. ఆయన పేరు, వర్సెస్, తమ్ముడి పేరు.

"వరస అని సదివినావే గానీ, ఏం వరసో సెప్పలేదే పాపా?" అన్నాడు.

నేను పకపకా నవ్వాను. అది వరస కాదని, ఎదురని చెప్పి, ఊరుకోక ఎద్దుల సంగతి కూడా ఎత్తుకున్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఎద్దులు ఎదురు మళ్లుకున్నా, మళ్లా పక్క సాలే గదా దున్నేది. వాడు నాకు తమ్ముడు. ఆ మాట ఆడ ఉండాల. లేకుంటే సంతకం పెట్టను."

దావా వెయ్యకపోతే చెరకు దక్కదు. "పేర్ల దగ్గర చుట్టరికాలు రాయరయ్యా" అని ప్లీడరుగారు తల పట్టుకున్నారు. పెద్దాయన కదల్లేదు. నేను కొత్త కాగితం ఎక్కించి, తమ్ముడి పేరు పక్కన ఇంగ్లీషు అక్షరాల్లోనే 'తమ్ముడు' అని కొట్టేశాను. ప్లీడరుగారు నన్ను ఉరిమి చూశారు. పెద్దాయన మాత్రం ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడిగి, చూసుకుని, సంతకం చేశాడు.

సమన్లు అందిన వారానికి తమ్ముడు నేరుగా మా ఆఫీసుకే వచ్చాడు. తగాదాకు వచ్చాడనుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అతను దావా నకలు నా బల్ల మీద పరిచాడు.

"ఊళ్లో బడి అయివారితో సదివించినా. అంతా ఇంగ్లీషు, ఒక ముక్క అర్థం గాలే. నడాన ఈ మాటొకటి ఇనబడె. ఎవురు రాయించినారు?"

"మీ అన్నే. అది లేనిదే సంతకం పెట్టనన్నాడు."

"నేను దావా ఏసుంటే రాయించుండను" అన్నాడు. తర్వాత, అన్న మళ్లీ ఎప్పుడొస్తాడని అడిగాడు. ఇకమీదట ఆయన వంతు నీళ్ల జోలికి రానని చెప్పాలట.

"మీవి పక్కపక్క ఇళ్లే కదా, పోయి చెప్పరాదా?" అన్నాను.

"ఆడ నాకు మొగం సెల్లదు పాపా. ఈడైతే సెప్తా" అని బెంచీ మీద కూర్చున్నాడు.