నా రెట్ట మీది సర్టిఫికెట్

ఆ కాలంలో, అంటే రెండువేలు దాటిన కొత్తలో, అరవై ఏడేళ్ల నాకు తెలియని సంగతి లోకంలో లేదని నా గట్టి నమ్మకం. బడి గడప తొక్కలేదు. అక్షరాలు పంచాంగంలో, వైద్యం కిరాణా పొట్లాలు కట్టిన కాగితాల్లో నేర్చుకున్నాను (నాతో వాదించి గెలిచినవాడు లేడు, అందరూ లేచి వెళ్లిపోయేవారు). అంతకుముందు చలికాలం నిమోనియాతో పదిరోజులు దవాఖానలో పడి బయటపడ్డాను. ఇంకోసారి వస్తే ఊపిరితిత్తులు తట్టుకోవు, చలి రాకముందే టీకా వేయించుకోమని నాగర్‌కర్నూలు డాక్టరు సారు చెప్పి పంపాడు. ఆ మాట పట్టుకుని మా ఇంటామె నన్ను తెలకపల్లిలో బస్సెక్కించి తనూ ఎక్కింది.

దారి పొడుగునా మండిపడ్డాను. టీకాలు చంటిపిల్లలకు గాని మనవలున్న మనిషికెందుకని. సారు ముందు కూర్చోగానే అంగీ చేయి భుజం దాకా మడిచి రెట్ట మీది గుండ్రటి మచ్చ చూపించాను. మా ఈడువాళ్లకు మసూచి టీకా మచ్చే సర్టిఫికెట్. “సర్కారు ముద్ర సారూ, సచ్చేదాంక చెల్లుతది.” అది మసూచి ఒక్కదానికే పెద్దాయనా, నిమోనియాకు వేరే ఉంటుంది, వయసు మీదపడితే ఒంట్లో రోగాన్ని ఆపే బలం తగ్గుతుంది అని ఆయన ఓపికగా చెబుతుంటే నేను పొట్లాల వైద్యం ఎత్తుకున్నాను.

అప్పుడు మా ఇంటామె నోరు విప్పింది. “గది టీకాది గాదు సారూ. చిన్నప్పుడు పసిరికలై కండ్లు పచ్చబడితే మా అత్త పసుపుకొమ్ము కాల్చి పెట్టిన వాత. టీకాలోల్లు వచ్చిననాడు ఈయన జొన్నచొప్పల దాక్కున్నడంట.”

“నీకెవలు చెప్పిండ్రు?”

“మీ అమ్మనే. పెండ్లయిన వారానికే.”

ఇన్నేళ్లుగా ఆ మచ్చను ఊరంతా చూపిస్తుంటే పక్కనే నిలబడి ఊరుకున్న మనిషి! సారు నవ్వు దాచుకోవడానికి సూదుల పళ్లెం వైపు తిరిగాడు. నేనింకా ఏదో అనబోయాను. “పోయినసారి దవాఖానల బల్ల మీద కూసోని నీ ఊపిరే చూసుకుంట ఉన్న. మల్ల నాతోని గాదు,” అంది మెల్లగా. చేయి చాపాను.

సారు ఆమె వయసూ అడిగి, నీకూ వేయాలమ్మా అన్నాడు. ఆ ఊహే నాకు రాలేదు (సంచీ మోయడానికి వచ్చిందనుకున్నాను). ఆమె ఒక్కటే అడిగింది: “రేపు రొట్టె కొట్టనీకి చెయ్యి వస్తదా సారూ?”

మర్నాడు కాస్త జ్వరం, చేయి బరువు. గొంగడి కప్పుకుని, డాక్టరు నన్ను చంపాడని వచ్చినవాళ్లందరికీ చెబుతూ మూలిగాను. అదే జ్వరం, అదే నొప్పితో లోపల ఆమె రొట్టెలు కొడుతోంది. ఆ గొంగట్లోని ముసలోణ్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ వస్తాయి. అయినా ఒక్క మాట వాడి పక్షాన చెప్పాలి: రొట్టెల చప్పుడు ఆగినప్పుడల్లా మూలుగు ఆపి, తలెత్తి లోపలికి చూశాడు.