బిరడాలు వదులు చేసిన మధ్యాహ్నం

మా ఆయన పోయాక నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మెదక్‌లో కిరాయి ఇంట్లో గడిచిన ఒక ఎండాకాలపు మధ్యాహ్నం. ఆయనకు ఇంట్లో బీరు చేయడం సరదా. మొలకెత్తిన జొన్నలు ఎండబెట్టి, దంచి, ఉడికించి, వడకట్టిన నీళ్లలో బెల్లం, పులియడానికి కాస్త కల్లు మడ్డి కలిపేవారు. ఆసారి ఘాటుగా ఉండాలని సీసాల్లో కూడా బెల్లం వేసి, బిరడాలు దారంతో బిగించారు.

ఆ మధ్యాహ్నం ఎండ వేడికి, వెనకగదిలో దాచిన వాటిలో ఒక సీసా పేలింది. గాజుపెంకులు తలుపుకు తగిలాయి. మిగిలినవి పేలేలోగా బిరడాలు వదులు చేస్తానని ఆయన తడి గొంగడి కప్పుకున్నారు.

“పోకుండ్రి. పగిలితే పగలనీయుండ్రి. కండ్లు పోతయి,” అన్నాను.

“గింత కష్టపడి చేసింది నేల తాగాల్నా? నువ్వు జర దూరముండు.”

“అయితే ఒక్కో బిరడా తీసినంక పలుకుండ్రి.”

లోపల బుస్సుమని చప్పుడు, వెంటనే “ఉన్ననే” అనే మాట. చాలాసార్లు అలాగే వినిపించింది. తరువాత ఒకసారి చప్పుడైంది గాని మాట రాలేదు. పిలిచినా పలకలేదు. తలుపు తోసి చూస్తే, గొంగడి కింద సీసా ఎత్తి తాగుతున్నారు.

“మస్తుగున్నదే!” అన్నారు.

నాకు నవ్వు రాలేదు. సీసా లాక్కొని పక్కన పెట్టి, ఆయన ముఖాన్ని రెండు చేతులతో తడిమి చూశాను. ఎక్కడా గాజు లేదు.