పది లక్షల వేరుశనగ గింజలు

ఆ రోజుల్లో కిలో అనే మాట మా ప్రాంతానికి ఇంకా కొత్త. శేర్లు, వీశెలు పోయి కిలోలు వస్తున్నాయని అంగళ్ల ముందర జనం వాదులాడుకుంటున్న కాలం. సరిగ్గా అప్పుడే తొండూరు వైపు కరెంటు స్తంభాలు బయలుదేరాయి, నేనూ ప్రొద్దుటూరు నుంచి సైన్సు టీచరుగా పులివెందులకు బయలుదేరాను. చేతిలో కొత్త డిగ్రీ, నోటి నిండా వాట్లు, కిలోవాట్లు, మెగావాట్లు. (వాటిలో ఏ ఒక్కదాన్నీ కళ్లతో చూసి ఎరగను. ఆ మాటకొస్తే చూసినవారెవరు?)

వెయ్యి వాట్లు ఒక కిలోవాటు, వెయ్యి కిలోవాట్లు ఒక మెగావాటు అని ఒకరోజు బోర్డు మీద సున్నాలు గీసి ఇటు తిరిగేసరికి, ముందు బెంచీలో ఒక పిల్ల కళ్లు తుడుచుకుంటోంది. ఊరు తొండూరు, ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. లెక్కలకు ఏడ్చేవాళ్లను చూశాను గానీ వాట్లకు ఏడ్చేవాళ్లను చూడటం అదే మొదటిసారి. ఏమైందని అడిగితే, "మా జేజినాయన చేన్లో స్తంభం నాటనియ్యడంట టీచర్. ఆయన ఒప్పుకోకుంటే మా వీధికే కరెంటు రాదు. తీగల్లో మెగావాట్లు వస్తాయని ఎవురో చెప్పినారు. అంత కరెంటు మనింటి మీదికి తోలితే మిద్దె నిలుస్తాదా అంటాండాడు" అంది. "మీ తాతను ఆదివారం పిలుచుకురా, నేను చెబుతాను" అన్నాను. అన్నాక భయం వేసింది. బోర్డు మీది ఆరు సున్నాలు చూపిస్తే ఆ పెద్దమనిషి ఇంకా బెదిరిపోడూ?

సాయంత్రం పిల్లలు వేరుశనగలు ఒలుచుకుని తింటుంటే ఉపాయం తట్టింది. ఒక గింజ ఒక వాటు! అయితే మెగావాటుకు పది లక్షల గింజలు కావాలి. నూనె మిల్లు సాయబు దగ్గరికి వెళ్లి అడిగాను. "నా జిందగీలో నూనె తీసినాను గానీ గింజలు ఎంచలేదు టీచరమ్మా! ఫికర్ వద్దు. ఈడ కళ్లంలోనే పోసుకోండి, నేను గూడా చూస్తా" అన్నాడు.

ఆదివారం మిల్లు ముందర తెల్లగుడ్డ పరిచి దాని మీద ఒకే ఒక గింజ పెట్టాను. వాటు. (దానిలో వెయ్యో వంతు మిల్లీవాటు అన్నానో లేదో, ఒక పిల్ల గోటితో గింజను గీకి, కంటికి ఆనని పొడిని వేలి మీద చూపించింది.) తర్వాత వెయ్యి గింజలు ఎంచి డబ్బాలో పోసి, నిండిన చోట గీత పెట్టాం. కిలోవాటు. ఇక ఆ గీత దాకా కొలిచి కుప్ప పోయడం మొదలైంది. మధ్యలో, "టీచర్! మేక కిలోవాటు మేసేసింది!" అని కేకలు. సాయబు మేకను తరిమాడు, పిల్లలు ఇంకో డబ్బా పోశారు. మధ్యాహ్నానికి కుప్ప మోకాళ్లు దాటింది, వెడల్పు మంచమంత అయింది. ఆఖరి డబ్బా పోశాక అందరం వెనక్కి జరిగి చూశాం. పక్కన గుడ్డ మీద ఆ ఒక్క గింజ. నేను రోజూ రాసి తుడిచేసే అంకె ఇంత ఉంటుందని నాకు ఆ క్షణం వరకు తెలియదు.

తలపాగాతో, చేతికర్రతో పెద్దాయన వచ్చాడు. "కిలో అంటే తూకం గదమ్మా, కరెంటు తూచి ఇస్తారా?" అన్నాడు. "కిలో అంటే వెయ్యి అని అర్థం పెద్దాయనా. వెయ్యి గ్రాములు కిలోగ్రాము, వెయ్యి వాట్లు కిలోవాటు" అన్నాను. "మరి మా ఇంట్లో దీపానికి ఎన్ని గింజలు పడతాయి?" మనవరాలు అరవై గింజలు ఎంచి ఆయన దోసిట్లో పోసింది. ఆయన దోసిలి చూసుకున్నాడు, కుప్పను చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే. కుప్పంతా మీ ఇంటికి రాదు. ఎవరికి కావలసినంత వాళ్లు తీసుకుంటారు. మిగతాది జమ్మలమడుగుకు, కమలాపురానికి, ఇంకా ఎక్కడెక్కడికో."

"ఇట్లాంటి కుప్పలు ఆడ ఇంకా ఉంటాయా?"

"చాలా."

ఆయన కుప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఎవురు పండిస్తాండారమ్మా ఇదంతా?" అని అడిగాడు.

"నీళ్లు, పెద్దాయనా. ఏటి నీళ్లు పైనుంచి పడి."

"నీళ్లా!" అన్నాడు. మా సీమలో ఆ మాటను అంత నెమ్మదిగా పలకగా నేను మళ్లీ వినలేదు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. లేచి వెళుతూ మాత్రం, "నాటుకోమని చెప్తా. నడిచేన్లో గాదు, గట్టు మింద" అన్నాడు.

కొన్ని నెలలకు తొండూరుకు రమ్మని కబురొచ్చింది. పొద్దు గూకే వేళ వీధంతా ఆ ఇంటి ముందే ఉంది. స్విచ్చి నేనే వేయాలని పెద్దాయన పట్టు. వేశాను. మిద్దె కప్పుకు వేసిన దంతెలు, గోడ మీది సున్నం, మనవరాలి ముఖం ఒక్కసారిగా బయటపడ్డాయి. వోల్టేజి గురించి నాలుగు మాటలు చెప్పాలని దారి పొడవునా మననం చేసుకుంటూ వచ్చానా, ఒక్కటీ నోటికి రాలేదు. చూసుకుంటే నా రెండు చేతులూ జోడించి ఉన్నాయి. నన్ను చూసి వీధంతా చేతులు జోడించింది.

ఇప్పుడు మీట నొక్కి, పైకైనా చూడకుండా పనిలో పడిపోతాను. ఎప్పుడైనా చెయ్యి మీట మీద ఆగినప్పుడు అప్పటి నాలోని ఆ అమ్మాయి గుర్తుకొస్తుంది, అరవై వాట్లకు దండం పెట్టిన సైన్సు టీచరు. నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.