ఇంజను ఒళ్ళు వేడెక్కేదాకా

ఇంట్లో దగ్గు వినిపించకపోతే నాకు నిద్ర పట్టదు. బిడ్డ ఇక్కడ ఉన్నన్నాళ్ళూ దాని దగ్గు వింటూ మేలుకొని ఉండేదాన్ని. ఇప్పుడది వేల్పూర్ దగ్గర మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ఉంది. మంచిగా ఊపిరి తీసుకుంటోందని అమ్మ ఫోన్లో చెబుతుంది. అయినా నా చెవులు ఖాళీ పక్క వైపే ఉంటాయి. అందుకే రాసుకుందామని ఈ కాగితాలు ముందు వేసుకున్నాను.

మాది బోధన్ పక్కన చెరుకు పండే ఊరు. నిజామాబాద్‌లో బీఎస్సీ చదివి నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి కొట్టంలో జత ఎద్దులుండేవి. మా అత్త నా పెళ్ళికి ముందే ఆయాసంతో పోయింది. మా మామ ఎద్దుల బండి మీద ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. చీకటితోనే లేచి, ఎద్దులకు కుడితి పెట్టి, మెడలు నిమిరి, వాటితో ఏవో మాట్లాడి, ఆ తర్వాతే కాడి ఎత్తేవాడు. ఎంత తొందర పనైనా ఇది మానేవాడు కాదు. నిద్ర మబ్బులోనే బండికి కట్టిన ఎద్దు దారిలో కూలబడుతుందని ఆయన నమ్మకం.

మా బిడ్డ పుట్టిన ఏడాది ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది. అప్పటికే ఊళ్ళో బండ్లు తగ్గిపోయాయి. ఎద్దులను తోలుకొని సంతకు పోయిన మామ ఉత్త తాళ్ళతో తిరిగి వచ్చాడు. వాటిని చాలా రోజులు గూటానికే వేలాడదీసి ఉంచి, చివరికి ట్రాక్టర్ ముందు భాగానికి కట్టాడు. నిమ్మకాయలు కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, దాన్ని ఎద్దులుండిన చోటే నిలిపారు. కొట్టానికీ మేం పడుకునే గదికీ మధ్య ఒక చిన్న కిటికీ ఉంది. ఎద్దులున్నప్పుడు అందులోంచి ఎండుగడ్డి వాసన వచ్చేది.

ట్రాక్టర్ నడిపేది నా భర్త. పొద్దున దాన్ని లేపేది మాత్రం మామే. ఆయన తాళం తిప్పడం వరకే నేర్చుకున్నాడు, అంతకు మించి నేర్చుకోలేదు. ఇంజను డగడగ కొట్టుకుంటుంటే దాని రేకు మీద అరచేయి ఆనించి, ఎద్దు ఒంటిని చూసినట్టు చూసేవాడు. చలికాలం ఆ చేయి చాలాసేపు అక్కడే ఉండేది. పొగంతా కొట్టం కప్పు కింద తిరిగి, కిటికీ సందుల్లోంచి మా గదిలోకి వచ్చేది.

"ఇగ సాలు బాపూ, జెరసేపు నడిస్తే సాలు దానికి," అనేవాడు నా భర్త.

"ఏం సాలురా? కుడితి పెట్టకుండ కాడి ఎత్తినమా ఎన్నడన్న? దీనికి గూడ ఒళ్ళు వేడెక్కాలె. నువ్వు పోయి మొఖం కడుక్కో, నీ ఒళ్ళే ఇంక వేడెక్కలే."

నడక వచ్చినప్పటి నుంచి మా బిడ్డకు ఆ చప్పుడే మేలుకొలుపు. కళ్ళు నులుముకుంటూ కొట్టంలోకి ఉరికేది. మామ దాన్ని దుప్పట్లో చుట్టి, సీటు మీద తన ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. ఒకప్పుడు నా భర్తను బండి మీద అట్లాగే కూర్చోబెట్టుకున్నాడట. ఒకరోజు నేను చాయ్ పట్టుకుపోతే ఇద్దరూ మాటల్లో ఉన్నారు.

"తాతా, దీనికి కొమ్ములేవీ?"

మామ ముందున్న పొగ గొట్టం చూపించాడు. "గదే గదా కొమ్ము. ఒక్కటే పెట్టి పంపిండ్రు, దొంగలు."

"పొడుస్తదా?"

"నిన్ను పొడవది బిడ్డా. నీ తాత లేడా?"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బిడ్డకు నాలుగో ఏడు నడుస్తుండగా, చలికాలంలో దగ్గు మొదలైంది. జలుబనుకున్నాం. తర్వాత ఛాతీలో పిల్లికూతలు. మామకు తెలిసిన మందులన్నీ పొగతోనే ముడిపడి ఉండేవి. నిప్పుల మీద వాము వేసి ఆ పొగ పట్టించాడు. మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేశాడు. అంతెందుకు, పసిగుడ్డుగా ఉన్నప్పుడు తానం పోశాక రోజూ సాంబ్రాణి పొగ వేసింది నేనే, దాని జుట్టు ఆరాలని. మాకు పొగ అంటే చుట్టం. పొయ్యి మీదనో, ఫ్యాక్టరీ గొట్టంలోనో అది కనిపిస్తే ఇంట్లో తిండి ఉందని ధైర్యం.

నిజామాబాద్‌లో చూపిస్తే డాక్టర్ చాలాసేపు విన్నాడు. చలి కావచ్చు, దుమ్ము కావచ్చు, నాయనమ్మ నుంచి వచ్చిందీ కావచ్చు అన్నాడు. ఏదైనా సరే, పొగ దగ్గరికి మాత్రం పోనీయొద్దన్నాడు. నా భర్త తన చేతుల వైపు చూసుకున్నాడు. ఎంత తోమినా పోని గ్రీజు గోళ్ళలో ఉంది.

ఇంటికి వచ్చి ఆ మాట మామకు చెప్పాం. ఆయన తల ఊపాడు. వాము మానేశాడు, మిరపకాయలు మానేశాడు. ట్రాక్టర్‌దీ పొగేనని ఆయనకు తోచలేదు. ఆయన లెక్కలో అది ఊపిరి. చలికి ఎద్దు ముక్కులోంచి ఆవిరి వచ్చినట్టు వచ్చేది. నేను కిటికీకి గోనెసంచి కుక్కాను. నా భర్త తండ్రితో గట్టిగా చెప్పలేకపోయాడు. "రేపు చెప్త," అంటూ దాటేశాడు. చప్పుడు విన్న బిడ్డను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఆ పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మామ కేక వినిపించింది. నేను పోయేసరికి బిడ్డ ఆయన ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. పెదవులు నేరేడు పండ్లలా ఉన్నాయి. గొంతు కింది గుంత లోపలికి పోయి వస్తోంది. మొదటి బస్సు రావడానికి ఇంకా చాలా టైముంది. ఆటోలు బోధన్ నుంచి రావాలి. కదలడానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. దాని ఒళ్ళు అప్పటికే వేడెక్కి ఉంది.

నా భర్త సీటెక్కాడు. నేను పక్కన మడ్‌గార్డు మీద కూర్చొని, బిడ్డ ముఖాన్ని కొంగుతో కప్పి నా ఛాతీకి అదుముకున్నాను. మామ వెనక పట్టుకొని నిలబడ్డాడు. వేగం పెంచినప్పుడల్లా గొట్టం నల్లగా కక్కేది, గాలికి అది మా మీదికే వచ్చేది. పొగ తక్కువ కావాలంటే మెల్లగా పోవాలి, దవాఖానా దగ్గర కావాలంటే తొందరగా పోవాలి. "తొందరగా పోనియ్" అన్నాను. ఇప్పటికీ ఆ దారి కలలోకి వస్తుంది. కలలో దవాఖానా రాదు.

నిజంగానైతే వచ్చింది. ముఖానికి మూత పెట్టి మందు ఆవిరి పట్టారు. మధ్యాహ్నానికి బిడ్డ పెదవులకు రంగు తిరిగి వచ్చింది. వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్న మామ నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ బండి పొగేనా బిడ్డా?"

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"నా ఒళ్ళెనే ఉండె గదా. సలి పెడతదని దుప్పటి గూడ కప్పిన," అన్నాడు.

ఆ రోజు తర్వాత మామ తాళం ముట్టలేదు. ట్రాక్టర్ ఊరి బయట చెలక దగ్గరే ఉంటుంది. కొట్టం ఖాళీ. కానీ మా ఇల్లు ఫ్యాక్టరీకి పోయే దారి మీద ఉంది. సీజన్ వస్తే ఇంటి ముందు నుంచి దూరం దాకా చెరుకు ట్రాక్టర్లు, లారీలు వరుసలో ఆగి ఉంటాయి. ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదోనని ఇంజన్లు ఆపరు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు. ఎవర్ని ఏమంటాం? మా ట్రాక్టరూ ఇంకెవరి గడప ముందో అట్లాగే నిలబడి ఉంటుంది.

అందుకని బిడ్డను మా అమ్మ దగ్గరికి పంపాం. పంపే ముందు దానికి ఒకటి నేర్పాను. బండి ఏది పోయినా వెనక్కి జరగాలి, రెండు చేతులతో గౌను అంచు ఎత్తి ముక్కూ నోరూ మూసుకోవాలి, పొగ పోయేదాకా తీయొద్దు. బిడ్డ దాన్ని ఆటలా నేర్చుకుంది.

ఈ మధ్య పేపర్లో చదివాను. ఒక్కొక్క మనిషి బతుకులోంచి కొంత కర్బనం గాలిలోకి పోతుందట. తినేది, తిరిగేది, వెలిగించేది, అన్నీ కలిపి ఎవరి పాలు వారికుంటుందట. కాలేజీలో చదివిన కర్బనానికి అప్పుడు ముఖం లేదు. ఇప్పుడు చాయ్‌లో చక్కెర వేస్తుంటే చెంచా ఆగిపోతుంది. ఆ చక్కెర చెరుకుగా ఉన్నప్పుడు మా ట్రాక్టర్ మీదే పోయిందేమో అనిపిస్తుంది.

ఆదివారాలు బిడ్డను చూడటానికి పోతాం. నా భర్త మోటార్‌సైకిల్ మీద తీసుకుపోతానంటాడు. నేను బస్సంటాను. నిజామాబాద్‌లో ఒకటి మారి, జక్రాన్‌పల్లి మీదుగా ఆర్మూర్ పోయి, అక్కడ మళ్ళీ మారాలి.

"నువ్వెక్కకపోతే బస్సు పోదా?" అంటాడు.

"పోతది. అందుకే ఎక్కుతున్న. ఎట్లయినా పోయేదే గదా."

"సైన్సు సదివిన పిల్లను చేసుకుంటే గిట్లనే ఉంటది. సంసారం గూడ టికెట్ కొని చెయ్యాలె," అని నవ్వుతాడు. ఆ నవ్వులో బలం ఉండదు.

పోయిన ఆదివారం నా భర్తకు చెరుకు లోడుంది. మామా నేనూ పోయాం. బిడ్డ కాస్త ఒళ్ళు చేసింది. పెరట్లో కోళ్ళ వెంట ఉరుకుతుంటే, ఎక్కడ ఆయాసం వస్తుందోనని నేను దాని ఛాతీనే చూస్తూ కూర్చున్నాను. రాలేదు. సంతోషించాలి. కానీ ఇక దాన్ని ఇంటికి తెచ్చుకునే దారి లేదని నాకు తెలిసింది అప్పుడే. ఇక్కడ ఊపిరి ఎంత బాగా ఆడితే, మా ఇల్లు దానికి అంత దూరం.

బిడ్డ తాత మోకాళ్ళ మధ్య నిలబడి అడిగింది, "తాతా, ట్రాక్టర్ తేలేదేంది?"

"దానికి సుస్తయింది బిడ్డా."

"దగ్గా?"

"ఆ, దగ్గే."

సాయంత్రం మమ్మల్ని సాగనంపడానికి అమ్మ బిడ్డను తీసుకొని రోడ్డు దాకా వచ్చింది. బస్సులో మామ నా పక్కన కూర్చున్నాడు. ఎదుటి సీటు కమ్మీ పట్టుకొని ముందుకే చూస్తున్నాడు. నేను కిటికీలోంచి తల బయట పెట్టి చేయి ఎత్తాను. బస్సు ఒక్క ఊపు ఊపి నల్లగా పొగ వదిలింది. బిడ్డ నేను నేర్పినట్టే గబగబా వెనక్కి జరిగి, రెండు చేతులతో గౌను అంచు ఎత్తి ముఖానికి అదుముకుంది. ఊపడానికి చేయి మిగల్లేదు. కళ్ళు మాత్రం నా వైపే ఉన్నాయి. పొగ తగ్గేసరికి బస్సు మలుపు తిరిగింది.

"బిడ్డ చెయ్యి ఊపిందా?" మామ తల తిప్పకుండా అడిగాడు.

"ఊపింది మామా," అన్నాను.