బ్రేకు తీసేసిన పేగు

పేగు మెలిక పడితే చిన్నపేగు చివర మూరెడు ముక్క కోసి తీసేశారు. ఆ తర్వాతే దాని గురించి చదవడం మొదలుపెట్టాను. బడి చదువు నాకు లేదు. ఏది తెలుసుకున్నా పీకల మీదికి వచ్చాక సొంతంగా తెలుసుకున్నదే. తిన్నది ఆ చివరిదాకా చేరితే అక్కడి గోడలోంచి హార్మోన్లు బయలుదేరి, నిదానించమని కడుపుకు కబురు పెడతాయట. బండికి బ్రేకు లాంటిది. నాకు తీసేసింది సరిగ్గా దాన్నే. ఇక తిన్నది తిన్నట్టు పరుగు. ఈ సంగతి ఆపరేషనుకు ముందు ఒక్కడైనా చెప్పాడా అని కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ బెంచీ మీద కూర్చునే వాళ్లందరినీ నిలదీశాను.

రోజుకు ఎన్నిసార్లు బాత్రూంకు పరిగెడుతున్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మాది చిన్న ఫ్లాటు. అబ్బాయి ఆఫీసుకు వెళతాడు. కోడలు హాల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంటినుంచే పని చేస్తుంది. బాత్రూం తలుపు ఆ హాల్లోకే. అది చాలదన్నట్టు పొద్దస్తమానం వంటింట్లో మిక్సీ మోత. ఒకరోజు విసిగిపోయి, "ఏమ్మా, చట్నీల హోటల్ ఏమన్నా పెడుతున్నావా? ఈ మోతలో మనిషి చదువుకునేదెలా?" అని కసిరాను. ఆమె వెళ్లి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

చొక్కాలు వదులైపోతుంటే ఆమే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కుర్ర డాక్టరు. ఆ పరుగు తగ్గడానికి వాడుతున్న మందు పనిచేస్తోందో లేదో తేల్చాలన్నాడు. ఇలాగే చిక్కిపోతే నరంలోంచి ఆహారం ఎక్కించాల్సి వస్తుందట. నేను ముందు అతనికి హార్మోన్ల మీద పాఠం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అంతా కరెక్టే పెద్దాయనా. ఇగ జర మీ సంగతి చెప్పుండ్రి. రోజుకు ఎన్నిసార్లు పోతున్నరు?"

పక్కన కోడలు. పూడ్చిన చెరువుల గురించీ, ఫుట్‌పాత్ లేని రోడ్ల గురించీ ఎవరినైనా మొహం మీదే అడిగే నోరు నాది. ఈ ఒక్క మాటకు పెగల్లేదు.

"రెండుసార్లు," అన్నాను.

"అయితే మంచిగనే పనిచేస్తున్నది. గిదే నడిపిద్దాం," అంటూ కలం తీశాడు.

కోడలు నేలవైపు చూస్తూ అంది. "కాదండీ. పది దాటుతాయి."

అతను నావైపు చూడకుండా పాత మందు కొట్టేసి కొత్తది రాశాడు. నా చెవులు కాలిపోయాయి. మామగారికి లెక్కలు కట్టే కోడలా అని క్యాబ్‌లో ఇంటిదాకా రగిలిపోతూనే ఉన్నాను.

ఇంటికి రాగానే పరుగు తప్పలేదు. బాత్రూం తలుపు వేశానో లేదో, మిక్సీ మోగింది. బయటికి వచ్చేసరికి ఆగిపోయింది. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. జార్ పొడిగా ఉంది. అందులో పప్పూ లేదు, పచ్చడీ లేదు. మోటారు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

ఆ ఖాళీ జార్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నేను దాచుకున్నాననుకున్నది ఇన్నాళ్లూ ఆ మోత చాటున దాచిపెట్టింది ఆమె. దానికి నేనిచ్చిన బిరుదు చట్నీల హోటల్.

హాల్లోకి వచ్చాను. క్షమించమనాలన్నా ఆ విషయమే ఎత్తాలి. ఎత్తలేకపోయాను.

"మిక్సీ వేసుకో అమ్మా. నా చదువుకేం అడ్డం లేదు," అన్నాను.

"అలాగేనండి మామయ్యగారూ," అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.